కొలిమి కాడి పిలుపు

ఇంటి ముందు ఎవరు పిలిచినా చేతిలో పని అక్కడే పడేసి లేస్తాను. అన్నం కలుపుతున్నా సరే, ఎంగిలి చేత్తోనే గడప దాటుతాను. "అంత ఉరుకుడేందవ్వా, కూరగాయలామెనే గద" అని మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. ఈ మధ్య చెవులు కూడా మందగించాయి. కొన్నిసార్లు ఎవరూ పిలవకపోయినా లేచిపోతాను. బయట ఎవరూ ఉండరు. అలాగే కాసేపు నిలబడి లోపలికి వస్తాను.

ఇది ఇప్పటిది కాదు. జర్మనీ యుద్ధం నాటిది.

నన్ను వనపర్తి వైపు నుంచి కృష్ణ దాటించి ఇటిక్యాల దగ్గరి ఊరికి ఇచ్చారు. నాకప్పుడు పదిహేనేళ్లు. కోపం ముక్కు మీదుండేది. యుద్ధం ఎక్కడ జరుగుతోందో, ఎవరెవరికి జరుగుతోందో మా వీధిలో ఎవరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా అగ్గిపెట్టె దొరకదని. గద్వాల బజారుకు పోయిన మగవాళ్లు ఉప్పు తెచ్చేవాళ్లు, గుడ్డ తెచ్చేవాళ్లు, అగ్గిపెట్టె అడిగితే చేతులు తిప్పి చూపించేవాళ్లు.

పొయ్యి ఆరిపోతే పక్కింటికి పోయి, పిడక మీద నిప్పు పెట్టించుకుని, కొంగు అడ్డం పట్టుకుని ఇంటికి ఉరకాలి. కానీ నిప్పివ్వడానికి అడ్డాలెన్నో. శుక్రవారం ఇవ్వరు. మంగళవారం ఇవ్వరు. బర్రె ఈనితే ఇవ్వరు. దీపం పెట్టాక అసలే ఇవ్వరు. ఇంటి లక్ష్మి నిప్పుతోపాటే గడప దాటి పోతుందని భయం. కొలువుకు పోయే మొగుడికి పొద్దున్నే ఇంత సంకటి చేసి పెట్టలేక ఏడ్చిన ఆడవాళ్లను చూశాను.

మా పెద్దత్త, అంటే మా మామకు అక్క, చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఆమె నోటికి పట్వారీ కూడా జంకేవాడు. ఒకరోజు వీధిలోని ఆడవాళ్లందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఏ ఇంటిదీ కాని పొయ్యి ఒకటుంటే ఎవల లక్ష్మి యాడికి వోతది?" అంది. "అందరం కలిసి ఒక్క నిప్పును కాపాడుకుందం. ఎప్పుడు గావాలంటే అప్పుడు తీస్కపోవచ్చు. శుక్రారం లేదు, మంగళారం లేదు."

వీధి చివర పాడుబడిన కమ్మరి కొలిమి ఉండేది. కమ్మరివాళ్లు బతకడానికి రాయచూరు పోయి అప్పటికి చాలా కాలమైంది. మగవాళ్లు దాని మీద పందిరి వేసి బోదగడ్డి కప్పారు. మేము గుంట శుభ్రం చేసి, తుమ్మ మొద్దు పెట్టి రాజేశాం. రోజుకో ఇంటి వంతు. వంతు ఉన్న ఇంటివాళ్లు నాలుగు పిడకలు, గంపెడు పల్లిపొట్టు తెచ్చి, పొద్దుగూకేదాకా అక్కడే ఉండి నిప్పును చూసుకోవాలి. రాత్రికి బూడిద కప్పి పోవాలి. పిడక తీసుకున్నవాళ్లు మళ్లీ పిడక తెచ్చి పెట్టాలి.

నెల తిరగకముందే కొలిమి మరో రకంగా మారింది. ఎవరో ఆనపగింజలు తెచ్చి పెట్టారు, కావలసినవాళ్లు తీసుకోండని. ఎవరో పాత చాట పెట్టారు. బాలింతలకని శొంఠి ముక్కలు మూట కట్టి గుంజకు వేలాడదీశారు. పెట్టింది ఎవరని ఎవరూ అడగలేదు. వంతుకు పోయినప్పుడల్లా నాకు పండుగకు పోయినట్టుండేది. కొత్త కోడలిని కదా, ఇంట్లో పలకరించే దిక్కు లేకపోయినా అక్కడ అందరూ మాట్లాడేవాళ్లు. "వనపర్తి పిల్ల నోరిప్పింది" అని ఎగతాళి చేసేవాళ్లు.

కొన్నాళ్లకు ఊరవతలి వాడ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి దూరంగా నిలబడ్డారు. మా పొలాల్లో కూలికి వచ్చేవాళ్లే. తమకూ నిప్పు కావాలన్నారు. పెద్దత్త కాసేపు ఆలోచించింది.

"నిప్పుకు అంటేంది, ముట్టేంది. తీస్కపొండ్రి. గని పందిరి కిందికి రావొద్దు, కొలిమిని అంటొద్దు. వంతు ఉన్నామె పైనుంచి మీ పిడక మీద ఏస్తది."

వాళ్లు దండం పెట్టారు. మేమంతా పెద్దత్త మనసు గొప్పదనుకున్నాం. నేనూ అనుకున్నాను. అట్లా అనుకోవడంలో నాకు ఆ రోజు ఏ తప్పూ కనిపించలేదు.

వాళ్లలో ఒకామె నాకు బాగా గుర్తు. మా అమ్మ వయసుంటుంది. నేను మాత్రం "ఏమే" అనే పిలిచేదాన్ని. అప్పటికే వాళ్లు ఏసు దేవుణ్ణి కొలుస్తున్నారు. వాళ్ల దేవుడు మారినా మా పందిరి దగ్గర నియమం మారలేదు. రోజూ వచ్చి పందిరి చూరు బయట గొంతుక్కూర్చుని మెల్లగా పిలిచేది. "అమ్మా, నిప్పుకొచ్చిన." ఎంత మెల్లగా అంటే, ఒక్కోసారి నేను పక్కనే ఉండి కూడా ఉలిక్కిపడేదాన్ని.

శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు విడవలేదు. నాలుగో రోజు వంతు మాది. నేను పొద్దున్నే పోయి నిప్పు ఎగదోసి, పొట్టు పోసి కూర్చున్నాను. వీధిలో ఒక్క తలుపూ తెరిచి లేదు. అప్పుడు గొంగడి కప్పుకుని, నీళ్లు కారుతూ, మా అన్న వచ్చాడు. పెబ్బేరు సంతకు ఎద్దుల కోసం వచ్చి, ఎద్దులను తోటివాడికి అప్పజెప్పి, పుట్టిలో ఏరు దాటి నన్ను చూడ్డానికి వచ్చాడు. ఏడాదిగా నేను పుట్టింటివాళ్ల మొహం చూడలేదు.

"ఏరు వెరుగుతుంది చెల్లె. పుట్టోడు జల్ది రమ్మన్నడు. ఒక్కసారి నిన్ను జూసి పోదమని వచ్చిన" అన్నాడు.

నేను వంతు సంగతి మరిచాను. మరవలేదు, అబద్ధమెందుకు, ఈ వానలో ఎవరొస్తారులే అనుకున్నాను. మా ఇల్లు కొలిమికి రెండిళ్ల ఇవతలే. అన్నను తీసుకుపోయి పొయ్యి ముందు కూర్చోబెట్టి రొట్టె చేస్తూ అడగడం మొదలుపెట్టాను. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి, ఎర్రావు ఈనిందా, నా చెంబు ఇంకా అక్కడే ఉందా. అమ్మ పంపిన నువ్వుల ముద్దలు ఒళ్లో పెట్టుకుని వాసన చూసుకుంటున్నాను. అప్పుడు పిలుపు వినబడింది.

"అమ్మా, నిప్పుకొచ్చిన."

వానలో కూడా స్పష్టంగా వినబడింది. అన్నకూ వినబడింది.

"ఎవరో పిలుస్తుండ్రు, జూడు" అన్నాడు.

"నిప్పుకొచ్చినోళ్లే. కూసుంటరు తీ. నిప్పు యాడికి వోతది" అన్నాను.

కాసేపటికి మళ్లీ పిలిచింది. అన్న నేను పోతానని లేవబోయాడు. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "కూసో అన్నా. మల్ల ఎప్పుడొస్తవో" అన్నాను. మూడోసారి పిలిచింది. ఆ తర్వాత పిలవలేదు. పిలవకపోతే పోయిందనుకున్నాను. అన్నకు రెండో రొట్టె వేశాను. తిన్నాక వీధి మలుపు దాకా సాగనంపి, ఏడ్చుకుని, కళ్లు తుడుచుకుని కొలిమి దగ్గరికి వచ్చాను.

ఆమె పోలేదు. చూరు నీళ్లు నెత్తి మీద కారుతుంటే చూరుకు అవతలే కూర్చుని ఉంది. పిడక తడవకుండా పొట్టకు హత్తుకుని, దాని మీదికి వంగి ఉంది. మూర దూరంలో నిప్పు ఎర్రగా కణకణలాడుతోంది.

నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది.

"ఎంతసేపైంది వచ్చి? నువ్వే తీస్కపోతే ఏమైతుండె? చేతులు లేవా?" అన్నాను.

ఆమె నా వైపు అర్థం కానట్టు చూసింది. "మీరే అంటొద్దంటిరి గదమ్మా" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

"నా బిడ్డకు కాన్పయిందమ్మా పొద్దుగాల. నెల తక్కువ పుట్టింది పిల్ల. సల్లవడ్తున్నది. ఇంట్ల నిప్పు లేదు. జర తొందరగియ్యి" అంది. తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు, "ఇనపడలేదా అమ్మా?" అంది.

"వానకు ఇనపడలే" అన్నాను.

ఆమె తల ఊపింది. ఆమె పిడక అప్పటికే నాని ముద్దయింది. నేను రెండు పొడి పిడకలు, ఒక పెంకులో నాలుగు నిప్పులు వేశాను. అవి కూడా, చెప్పడానికి నోరు రావడం లేదు, చేతికివ్వలేదు. కింద పెట్టి వెనక్కి జరిగాను. ఆమె తీసుకుని, తడి కొంగు కప్పి, బురదలో పడుతూ లేస్తూ ఉరికింది.

మూడో రోజు వాన తెరిపిచ్చింది. ఆమె వచ్చి చూరు బయట రెండు పిడకలు పెట్టింది. తీసుకున్నవి తిరిగి పెట్టాలని నియమం కదా. ఆ రోజు వంతు మాది కాదు, ఊరికే పోయి ఉన్నాను.

"పిల్ల ఎట్లుంది?" అన్నాను.

"నేను వోయెసరికి లేదమ్మా. ఆ నిప్పుతోని తల్లికి నీళ్లు కాగవెట్టిన" అంది.

ఆలస్యం ఎందుకైందని ఇంట్లో పెద్దత్త అడిగింది. ఆమెకూ వాననే చెప్పాను. "ఏం జేస్తం, ముసురు గట్లుండె" అని నిట్టూర్చింది. ఆ మాటతో అందరి మనసూ కుదుటపడింది, నాది తప్ప. నేను పెద్దత్త కాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల నిప్పు వాళ్లనే తీసుకోనిద్దామన్నాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు నా మొహం చూసింది. నిజం కనిపెట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "పట్టుకారు తీస్కపోయి బయటి గుంజకు తలిగెయ్యి" అంది.

అన్న ఒక్కడికే తెలుసు. బతికినన్నాళ్లు ఆ సంగతి ఎత్తలేదు. కానీ మా ఇంటికి ఎప్పుడొచ్చినా, బయట ఎవరైనా పిలిస్తే, మాట ఆపేసి నా వైపు చూసేవాడు. నేను లేచిపోయేదాకా మళ్లీ మాట్లాడేవాడు కాదు.

నా మొదటి కాన్పు పుట్టింట్లో జరిగింది. అమ్మ మంచం కింద కుంపటి పెట్టింది. బిడ్డ వెచ్చగా నా పక్కలో ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం, పిలుపు వినబడింది. తలుపు తీయమన్నాను. అమ్మ తీసింది. ఎండ తప్ప ఏమీ లేదు. మళ్లీ తీయమన్నాను. బాలింత గాలి సోకిందని అమ్మ దిష్టి తీసింది. కుంపటి తీసేయమని నేను ఏడ్చాను. వెచ్చదనం ఒంటికి తగులుతుంటే తట్టుకోలేకపోయాను.

పట్టుకారు తగిలించిన రోజు ఆమెకు నేనే చూపించాను. "ఇగ నువ్వే తీస్కో. ఎవర్నీ పిలువొద్దు, ఎవర్నీ అడగొద్దు" అన్నాను. సరేనంది. మర్నాడు వంతు వేరేవాళ్లదైనా వాళ్ల బదులు నేనే కూర్చున్నాను. ఆమె వచ్చింది. పట్టుకారు పక్కనే నిలబడింది. దాన్ని ముట్టలేదు. నేను ఎదురుగా, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అయినా నోటికి చేయి అడ్డం పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా, వీధంతా మారుమోగేలా పిలిచింది.

"అమ్మా, నిప్పుకొచ్చిన."

"ఇక్కడే ఉన్న గద, అంత గట్టిగెందుకు?" అన్నాను.

"మెల్లగంటే నీకు ఇనపడదు గదమ్మా" అంది.

ఆ రోజు వాన లేదు. యుద్ధం అయిపోయి అగ్గిపెట్టెలు దొరికేదాకా రోజూ అట్లాగే అరిచి పిలిచింది. అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. నాకు మొదటి పిలుపే వినబడిందని ఒక్క మాట చెబితే ఆ అరుపు ఆగేది. నేను చెప్పలేదు.