సగం ఆటల నోట్‌బుక్

శుక్రవారం మధ్యాహ్నం పాసయ్యాను. ఆ మాటని ఆదివారం సాయంత్రం దాకా కడుపులో దాచుకోవాల్సి వచ్చింది. అది మా అక్క పెట్టిన షరతు. మంచి వార్త ఏదైనా ముందు చర్చి సంఘంలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే టైమ్‌లో నిలబడి చెప్పాలి. ఆ తర్వాతే ఫోన్లు, స్వీట్లు. అందుకని ఆ రెండు రోజులూ నేను ఎవరి కంటా పడకుండా తిరిగాను. లాండ్రీ రూమ్‌లో బట్టలు మడతపెడుతున్న ఒక అమెరికన్ ముసలావిడకి మాత్రం చెప్పేశాను. ఆవిడ మా సంఘం కాదు కాబట్టి లెక్కలోకి రాదనుకున్నాను.

మా ఇంట్లో కాలేజీ డిగ్రీ తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. నాన్న ఆరో తరగతితో ఆపేశాడు. అమ్మ సంతకం చేయగలదు. అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని అమెరికా వచ్చి, నా ఇంటర్ అవగానే నన్ను కూడా తెచ్చుకుని స్టాటిస్టిక్స్‌లో చేర్పించింది. నేను గట్టెక్కింది ఒక నోట్‌బుక్ వల్ల. మునగబోయిందీ దానివల్లే. ముందు ఆ నోట్‌బుక్ సంగతి చెప్పాలి.

ఎనభైల మొదట్లో మాట. నార్త్ కరొలైనాలో, రాలీ నుంచి మోరిస్‌విల్ వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక అమెరికన్ చర్చి ఉండేది. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. వాళ్ళ ఆరాధన, వాళ్ళ భోజనాలు అన్నీ అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి మాకు హాలు ఇచ్చేవారు. పదిహేను కుటుంబాలం. గుంటూరు, ఏలూరు, కాకినాడ వైపు వాళ్ళు ఎక్కువ. ఆరాధన నాలుగున్నరకి అయ్యేది. తర్వాత కింద బేస్‌మెంట్‌లో పులిహోర, కోడి కూర, టీ. ఆ బేస్‌మెంట్‌లో ఒక మూల పాత టీవీ ఉండేది. గిన్నెలు కడిగి సర్దాక, అయిదు దాటాక, మగవాళ్ళు దాని ముందు కుర్చీలు వేసుకునేవారు.

టీవీలో ఫుట్‌బాల్. అంటే కాలితో ఆడేది కాదు, ఇక్కడివాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడేది. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడు ఉంటాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది. పక్కన పరిగెత్తేవాడికి అందించాలా, దూరంగా ఉన్నవాడికి విసరాలా అన్నది రెండు మూడు సెకన్లలో అతనే తేల్చుకోవాలి. గెలిస్తే పొగడ్తలు అతనికే, ఓడితే తిట్లూ అతనికే. మా రాష్ట్రానికి అప్పట్లో సొంత టీమ్ లేదు కాబట్టి ఎవరికి నచ్చినవాణ్ణి వాళ్ళు పెంచుకోవచ్చు.

మా సంఘంలో ఇద్దరు అంకుల్స్ చెరొకణ్ణి పెంచుకున్నారు. ఒకాయన కంపెనీలో కెమిస్ట్. ల్యాబ్ అంకుల్ అనేవాళ్ళం. ఆయన మనిషి తూర్పు వైపు టీమ్‌లో ఆడే పెద్దాయన. డెబ్భైలలోంచి ఆడుతున్నవాడు, మోకాళ్ళు అరిగిపోయినవాడు. ఇంకో అంకుల్ పోస్టాఫీసులో చేసేవారు. ఆయన మనిషి పడమటి తీరం టీమ్‌లో కొత్తగా వచ్చిన కుర్రాడు. వీళ్ళిద్దర్లో ఎవరు గొప్ప అన్నది ప్రతి ఆదివారం పులిహోరతో పాటు వడ్డించబడేది.

వాదన ఊరికే అరుచుకోవడం కాదు. న్యాయంగా పోల్చాలంటే ఏం చేయాలన్నదాని మీద వాళ్ళకి నిజంగా పట్టుదల ఉండేది. పేపర్లో వేసే అంకెలు ల్యాబ్ అంకుల్‌కి చాలవు. విసిరింది చక్కగానే విసిరాడు, పట్టుకునేవాడు జారవిడిచాడు, అది ఎవరి ఖాతాలో వేయాలి అనేవారు. పెద్దాయన మంచులో ఆడతాడు, కుర్రాడు ఎండలో ఆడతాడు, రెండూ ఒకటేనా అనేవారు. ఆ మధ్య రూల్స్ మార్చి బంతి విసరడం తేలిక చేశారు కదా, మరి అంతకుముందు ఆడినవాళ్ళ సంగతేమిటి అనేవారు. అందుకని తనే ఒక నోట్‌బుక్ పెట్టారు. కళ్ళతో చూసిన ప్రతి విసురుకీ ఒక గుర్తు. మంచి విసురుకి టిక్, చెడ్డదానికి ఇంటూ, మంచిదే కానీ అవతలివాడు జారవిడిస్తే సున్నా. పక్కన వాన, గాలి, మంచు. ల్యాబ్‌లో రాసుకున్నట్టే నీలం సిరాతో, పైన తారీకుతో.

చిత్రం ఏమిటంటే ఆ నోట్‌బుక్ ఆయన మనిషిని ఓడించింది. రెండు సీజన్ల గుర్తులు కూడితే కుర్రాడే ముందున్నాడు. ల్యాబ్ అంకుల్ ఒక్క గుర్తు కూడా దిద్దలేదు. మరి తూర్పు టీమ్ అన్ని ఆటలు ఎలా గెలుస్తోంది అని మాత్రం గొణిగేవారు. పోస్టాఫీస్ అంకుల్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఆ గెలుపు ఎదుటివాళ్ళని ఆపే డిఫెన్స్‌ది బ్రదర్. మీ పెద్దాయన సోఫాలో కూర్చున్నా వాళ్ళు గెలుస్తారు. నేను కాదు, మీ నోట్‌బుక్కే చెప్తోంది."

చివరి సంవత్సరం నాకు ప్రాజెక్ట్ చేయాల్సి వచ్చింది. ఏ అంకెలు దొరుకుతాయా అని వెతుక్కుంటున్న రోజుల్లో, టీ పోస్తూ ఆ నోట్‌బుక్ వైపు చూశాను. ఎవరూ వాడని అంకెలు, ఒక్కడే ఒకే పద్ధతిలో రాసినవి. ల్యాబ్ అంకుల్ దాన్ని పాత బైబిల్ కవర్‌లో పెట్టి, తడవకుండా చూసుకో అని ఇచ్చారు. వాతావరణం తేడా లెక్కలోంచి తీసేశాను. పట్టుకునేవాళ్ళ తేడా తీసేశాను. ఎన్ని తీసినా కుర్రాడే గొప్ప అని తేలింది. నలభై పేజీలు టైప్ చేయించి ముగ్గురు టీచర్లకి ఇచ్చాను. మే నెలలో డిగ్రీ చేతికొస్తే రీసెర్చ్ పార్క్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయం. రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అది ఆఫర్ లెటర్‌లోనే రాసి ఉంది.

ప్రాజెక్ట్ పరీక్షకి రెండు వారాలుండగా ఆ ముగ్గురిలో ఒక అమెరికన్ టీచర్ నన్ను ఆఫీస్‌కి పిలిచాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మనిషి. లెక్కలు బాగానే ఉన్నాయి, కానీ ఒక్కో ఆటలో విసురులు ఇంత తక్కువగా ఉన్నాయేమిటి అన్నాడు. పేపర్లో వచ్చేదానికి ఇవి సగమే ఉన్నాయట. మిగతా సగం ఎక్కడికి పోయాయి అన్నాడు. కొన్ని లెక్కలోకి తీసుకోని విసురులు ఉంటాయేమో అన్నాను. అతను తల అడ్డంగా ఊపి, ఇది ఎవరు రాశారు, ఏ రోజు, ఎక్కడ కూర్చుని రాశారు అని అడిగాడు.

చెప్పడం మొదలుపెట్టాను. మా చర్చిలో ఒక అంకుల్. ఆదివారం. తూర్పు టీమ్ ఆట ఒంటిగంటకి మొదలవుతుంది, ఇంట్లో చూస్తారు, సగం ఆట అవగానే అందరం కార్లెక్కి ఆరాధనకి...

అక్కడ ఆగిపోయాను.

కార్లో రేడియో పెట్టేవారు కాదు. ఆరాధనకి వెళ్తూ పాటల క్యాసెట్టే. మిగతా ఆట సంగతి మర్నాడు పేపర్లోనే. అంటే పెద్దాయన ఆటలో రెండో సగం మావాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు. ఇక పడమటి టీమ్ ఆట నాలుగింటికి మొదలయ్యేది. మేం ఆరాధన, భోజనం ముగించుకుని బేస్‌మెంట్‌లో టీవీ పెట్టేసరికి అక్కడా సగం ఆట అయిపోయేది. కుర్రాడి మొదటి సగం ఎవరూ చూడలేదు. రెండేళ్ళు మేం ఒకడి మొదటి సగాన్ని ఇంకొకడి రెండో సగంతో పోల్చుకుంటూ కూర్చున్నాం. ఆరాధన ఎన్నింటికో మాలో ఎవరికి తెలియదు? నేనూ ఆ కార్లలో ఒకదాంట్లో పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదాన్నే.

ఇలా అయితే పాస్ చేయలేనని అతను మర్యాదగానే చెప్పాడు. రెండు వారాల్లో సరిచేస్తే సరి, లేకపోతే వచ్చే సెమిస్టర్.

అపార్ట్‌మెంట్‌కి వచ్చి ల్యాబ్ అంకుల్‌కి ఫోన్ చేశాను. చెప్పిందంతా విన్నారు.

"నేను చూసింది రాశానమ్మా. చూడనిది ఎలా రాస్తాను?" అన్నారు. తర్వాత ఇంకా మెల్లగా, "అయితే ఆ పెద్దాయనకి రెండేళ్ళుగా అన్యాయం చేశానన్నమాట" అన్నారు.

నా డిగ్రీ గురించి ఆయనకి గుర్తు రావడానికి ఇంకో నిమిషం పట్టింది. గుర్తొచ్చాక ఊరుకోలేదు. మర్నాడు ఆఫీస్ నుంచి నేరుగా మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. అన్ని ఆదివారాలూ అలా జరగలేదు కదమ్మా అన్నారు. నిజమే. అమెరికన్ పిల్లల క్రిస్మస్ నాటకం రిహార్సల్స్ అని రెండు ఆదివారాలు మాకు హాలు ఇవ్వలేదు. ఒక ఆదివారం రోడ్ల మీద ఐస్ పేరుకుని ఎవరూ కదల్లేదు. ఆ మూడు రోజులూ ఆయన ఇంట్లోనే ఉండి రెండు ఆటలూ మొదటినుంచి చివరిదాకా చూశారు. అవి ఏ తారీకులో ఆయనకి గుర్తు లేదు. మా అక్క తన డ్యూటీల కోసం గోడ క్యాలెండర్ మీద ఆరాధన లేని రోజులకి గీత పెట్టుకునేది. పాత క్యాలెండర్లు పారేసే అలవాటు ఆమెకి లేదు. ముగ్గురం వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని తారీకులు కలిపి చూసుకున్నాం.

ఆ మూడు రోజుల పేజీల్లో పెద్దాయన వేరే మనిషి. మొదటి సగమంతా పరిగెత్తేవాళ్ళకే బంతి అందించి, అప్పుడప్పుడు ఒకటి విసిరి తప్పు చేసేవాడు. ఎదుటివాళ్ళు అలిసిపోయాక రెండో సగంలో విసరడం మొదలుపెట్టేవాడు. అక్కడంతా టిక్కులే. ల్యాబ్ అంకుల్ ఆ టిక్కుల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. పెద్దాయనే గొప్ప అని రాసేయనా అని అడిగాను. మూడు ఆటలు చూసి మాట్లాడకూడదమ్మా అన్నారు. ఆ మాట మా టీచర్లు క్లాసులో ఎన్నోసార్లు చెప్పిందే. సొంత మనిషి గెలవబోతుండగా దాన్ని చెప్పిన మనిషిని అప్పుడే చూశాను.

తేలిందనుకున్నదంతా కొట్టేశాను. ఈ నోట్‌బుక్ ఎవరు గొప్పో చెప్పలేదని, ఎందుకు చెప్పలేదో, ఏ సగం చూశామన్నదాన్ని బట్టి ఒకే మనిషి ఎలా మారిపోతాడో రాశాను. ఆరాధన టైమ్, టీవీ టైమ్ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక వేశాను. పరీక్షలో ఆ అమెరికన్ టీచర్ మొదటి ప్రశ్నగా ఇంతకీ ఎవరు గొప్ప అన్నాడు. నా దగ్గరున్న దానితో చెప్పలేను అన్నాను. మరి ఏముంటే చెప్తావు అన్నాడు. పది నిమిషాలు ఆపకుండా చెప్పాను. ముగ్గురూ నన్ను బయట కూర్చోమన్నారు. తలుపు తెరిచినప్పుడు అతను ముందు చెయ్యి చాపాడు.

ఆదివారం వచ్చింది. మే నెల, ఆటలు లేవు. అయినా మెట్ల దగ్గర అంకుల్స్ ఇద్దరూ అదే వాదనలో ఉన్నారు. సాక్ష్యాల టైమ్‌లో లేచి నిలబడ్డాను. రెండు రోజులు అనుకున్న మాటలన్నీ పోయాయి. పాసయ్యాను, దేవునికి వందనాలు, అని కూర్చోబోయి, మళ్ళీ లేచి ఉద్యోగం కూడా వచ్చిందన్నాను. చప్పట్లు కొట్టే అలవాటు లేని సంఘం అది. ఆ రోజు కొట్టారు. అక్క మాత్రం కొట్టలేదు. చేతుల్లో పర్సు నలిపేస్తోంది.

నా వెనకే ల్యాబ్ అంకుల్ లేచారు.

"నా నోట్‌బుక్‌లో ఉన్నవి సగం ఆటలే. రెండేళ్ళు అది చూపించి అందరితో వాదించాను. సంఘం క్షమించాలి" అన్నారు.

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టర్‌గారు ఏం చేయాలో తోచక పాట ఎత్తుకున్నారు. పోస్టాఫీస్ అంకుల్ మాత్రం నవ్వలేదు. కింద బేస్‌మెంట్‌లో అసలు గొడవ మొదలైంది. మీ తప్పు మీరు ఒప్పుకోండి, మధ్యలో నా కుర్రాణ్ణి ఎందుకు కిందికి దించారు అని ఆయన. ఈసారి వీసీఆర్ కొంటాను, చూడని సగాలు టేప్ చేసి సోమవారం చూసి రాస్తాను అని ల్యాబ్ అంకుల్.

"సోమవారం పొద్దున్న పేపర్ చూసేస్తారుగా బ్రదర్. గెలిచాడని తెలిశాక మీ చెయ్యి టిక్ వైపే పోతుంది."

"పేపర్ ముట్టుకోను."

"మీరు ముట్టుకోరు. మీ మిసెస్ చదివి చెప్పేస్తారు."

ల్యాబ్ ఆంటీ వినబడనట్టు నిమ్మకాయ పచ్చడి వడ్డిస్తున్నారు. నేను టీ కెటిల్ పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను, రెండేళ్ళుగా నిలబడుతున్న చోటే. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పమ్మా. ఏం చేస్తే న్యాయం?" అన్నారు ల్యాబ్ అంకుల్.

ఆంటీ వచ్చి నా చేతిలోంచి కెటిల్ తీసుకుని, కూర్చుని చెప్పు అన్నారు. ఒక మడత కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అంత సంతోషం పరీక్ష గది బయట కూడా కలగలేదు.

"రెండు ఆటలూ పూర్తిగా టేప్ చేయండి. పెద్దాయనవి పోస్టాఫీస్ అంకుల్ రాయాలి. కుర్రాడివి మీరు రాయాలి, అంకుల్" అన్నాను.

ఇద్దరికీ నచ్చలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కానీ ఎవరూ కాదనలేదు. చివరికి ల్యాబ్ అంకుల్ నేను తిరిగిచ్చిన బైబిల్ కవర్‌లోంచి నోట్‌బుక్ తీసి టేబుల్ మీద అవతలి వైపుకి జరిపారు. సీజన్ మొదలవడానికి ఇంకా నాలుగు నెలలుంది. పోస్టాఫీస్ అంకుల్ జేబులోంచి పెన్ను తీసి, రాస్తోందో లేదో అరచేతి మీద గీసి చూసుకున్నారు.