ముళ్లు లేని గడియారస్తంభం

డ్రైక్లీనింగ్ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా ఇస్త్రీపెట్టె పట్టిన ఆ పెద్దమనిషికి మడతలూ ప్రయాణాలూ రెండూ గిట్టవు. అయినా ఆయన ఆల్బంలో పదకొండు చారిత్రక కట్టడాలున్నాయి. కోటలు, వంతెనలు, దీపస్తంభాలు, అన్నీ జ్ఞాపిక నోట్ల మీదే. చూడ్డానికి అచ్చం డబ్బులాగే ఉంటాయి; ఇచ్చి అగ్గిపెట్టె కొనబోతే మాత్రం కొట్టువాడు మన మొహం వంక అదోలా చూస్తాడు. వాటిని అమ్మే యంత్రాలు ఆ కట్టడాల గుమ్మాల దగ్గరే ఉంటాయి కాబట్టి, ఊళ్లు తిరిగేవాళ్లను బతిమాలి తెప్పించుకునేవాడు. పన్నెండోది, గడియారస్తంభం నోటు, చేతికొస్తే సెట్టు పూర్తవుతుంది. ఆదివారం నోట్ల సేకరణదారుల సంఘం ప్రదర్శనలో మొదటి బహుమతి తనదే. ఆ సంఘం ఆరేళ్లుగా ఆయన్ను వెనక వరసలోనే కూర్చోబెడుతోంది మరి.

శుక్రవారం బావమరిది ఆ నోటు తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో.

"నోటన్నాక మడత పెట్టకుండా నెత్తిన పెట్టుకుని తేవాలా బావా?" అన్నాడు.

సంఘంలో మడతపడ్డ నోటును రోగిని పలకరించినట్టు పలకరిస్తారు. ఆయన కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత వృత్తి గుర్తొచ్చింది. ఎందరో వకీళ్ల కోట్లను దారికి తెచ్చిన చెయ్యి అది. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడు. మడతలు పోయాయి. వాటితోపాటే నోటు మీద స్తంభం బొమ్మ పక్కన మెరిసే వెండిరంగు పట్టీ కరిగి, గడియారం మీదికి పాకి, ముళ్లను మింగేసింది.

"ఎవరి కోటో అయ్యుంటే నెల జీతం పోయేది. అదృష్టవంతులు," అంది భార్య.

ఖాళీ గడి కంటే ఇదే నయమనుకుని దాన్నే పట్టుకెళ్లాడు. సంఘం అధ్యక్షుడు, రిటైరైన పళ్ల డాక్టరు, భూతద్దంతో వంగినవాడు ఎంతకీ లేవలేదు. ఆయన వెనకే మరో ముగ్గురు వంగారు.

"ముద్రణలో తప్పు. ముళ్లు పడలేదు," అన్నాడు చివరికి. "ఇలాంటిది నేనింతవరకూ చూళ్లేదు. ఎక్కడిదయ్యా?"

ఇస్త్రీ చేశానంటే బహుమతీ పోతుంది, మంచి పనివాడన్న పేరూ పోతుంది.

"స్తంభం గుమ్మం దగ్గర యంత్రంలోదండీ," అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. మొదటి బహుమతీ, ముందు వరసలో కుర్చీ ఒకేసారి దక్కాయి.

తర్వాతి ఆదివారం సంఘమంతా బస్సు మాట్లాడుకుని గడియారస్తంభానికి వెళ్లింది. యంత్రం ఖాళీ అయ్యేదాకా నోట్లు కొన్నారు. తలెత్తి స్తంభాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. వరసలో మూడోవాడు మన పెద్దమనిషే. అది ముద్రణలో తప్పేనని వారం రోజులుగా నలుగురూ అంటుంటే వినీ వినీ ఆయనకూ నమ్మకం కుదిరింది. ఒకటి పడ్డ యంత్రంలో ఇంకొకటి పడకపోతుందా?