పద్దెనిమిది సాళ్ల ఇంగ్లీషు

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతున్న నన్ను 1983 ఫిబ్రవరిలో, ఒక ఆదివారం ఉదయం, ఒక రాయి ఓడించింది. శివమ్మ గురించి ఎవరికి చెప్పినా నేను ఈ ఓటమితోనే మొదలుపెడతాను. దాన్ని దాచిపెడితే తక్కిన కథంతా గొప్పలు చెప్పుకోవడం కిందికి వస్తుంది.

అప్పట్లో మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉంటూ, ఎల్బీ నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల ఇల్లు కట్టుకుంటున్నాం. ఇదే మాట గుంటూరులో రాసి ఉంటే అద్దె అని రాసేవాణ్ణి. నలభై ఏళ్ల నివాసం మనిషి పదజాలాన్ని అడగకుండానే మార్చేస్తుంది. సరే, విషయానికి వస్తాను. మూసారాంబాగ్ బడికి వెళ్లే ముందు ప్రతి ఉదయం సైకిలు మీద వెళ్లి, గోడలకు నీళ్లు కొట్టారో లేదో చూసి వచ్చేవాణ్ణి. మా స్థలం పక్కనే ఒకప్పటి ద్రాక్షతోట. చుట్టూ కాలనీలు లేచి, ఇంటికొక బోరు పడేసరికి తోట బావి ఎండిపోయింది. తీగలన్నీ పీకేశారు. పందిరిని మోసిన రాతి స్తంభాలు మాత్రం బారులు తీరి నిలిచి ఉన్నాయి. ఇక్కడి రైతులు ఆ స్తంభాన్ని కడీ అంటారు, ఒక్కొక్క బారును సాలు అంటారు. పద్దెనిమిది సాళ్లు, సాలుకు ఇరవై నాలుగు కడీలు.

దారి పక్క సాలులో మొదటి కడీ మీద, సుద్దతో, గుండ్రని అక్షరాలలో ఒక ఇంగ్లీషు మాట రాసి ఉంది. పుసిలానిమస్. దాని చివరి అక్షరాలను బట్టి విశేషణమని పోల్చుకున్నాను. అర్థం మాత్రం తట్టలేదు. ఇంటికి వెళ్లి, చెప్పులైనా విడవకుండా నిఘంటువు తీశాను.

"ఏవండీ, సిమెంటు వచ్చిందా?" అని వంటింట్లోంచి మా ఆవిడ శేషారత్నం అడిగింది.

"పిరికివాడు" అన్నాను, చూసిన అర్థం పైకి చదువుతూ.

"ఎవరు, మేస్త్రీయా?"

మరునాడు కొంచెం ముందే వెళ్లాను. రెండో కడీ మీద లూసిడ్, మూడో దాని మీద ఫ్రూగల్, ఏడో దాని మీద టెనేషస్. ఎనిమిదో కడీ దగ్గర ఒక అమ్మాయి తడిగుడ్డతో పాత అక్షరాలు తుడుస్తోంది. పాతికేళ్లుంటాయి. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని, కొంగుకు సుద్దముక్క ముడివేసుకొని ఉంది.

"ఎందుకమ్మా తుడుస్తున్నావు?" అన్నాను.

"వారం దినాలాయె సారూ, ఒక్కపారి గూడ వాడలే. వాడని మాట కడీ మీద ఎందుకు? పండని కొమ్మను మా నాయిన ఉంచుతడా, కటింగ్ చేస్తడు."

ఆమె పేరు శివమ్మ. ఆ తోట వాళ్ల నాయిన జంగయ్యది. తోటను ప్లాట్లుగా విడగొట్టి అమ్మినా, కడీలు తనవేనని, వీలు చూసుకొని తీసుకుపోతానని కొన్నవాళ్లతో ముందే మాట పెట్టుకున్నాడు. శివమ్మ తెలుగు మాధ్యమంలో బి.ఏ. చదివింది. బ్యాంకు క్లర్కు పరీక్ష రెండుసార్లు రాసింది. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి, రెండుసార్లూ ఇంగ్లీషులో పోయింది. నవంబరులో మళ్లీ పరీక్ష ఉంది. అది కూడా పోతే మరుసటి ఏటికి వయసు మించిపోతుంది, ఇక రాయడానికే ఉండదు.

"గ్రామరు మీ అసుంటోళ్లు చెప్తే ఒస్తది సారూ. మాటలే లేవు నా కాడ. ఆడ పేపరుల ఇరవై మాటలిస్తే పదారు మొకం జూడనియే."

నాకు ఉత్సాహం వచ్చింది. ఇంగ్లీషు పదసంపదకు లాటిను ధాతువులే పునాది అని, ఒక ధాతువు పట్టుకుంటే పది మాటలు వాటంతటవే వస్తాయని అక్కడే అరగంట చెప్పాను. శ్రద్ధగా విన్నది. చివర అడిగింది: "గా లాటిను ఎన్ని దినాలల్ల ఒస్తది సారూ?"

పన్నెండేళ్లని చెప్పలేకపోయాను.

ఆమె పద్ధతి వేరు. మాటకొక కడీ. ఏ మాట ఏ కడీకి అన్నది తన ఇష్టం, కాని కారణం లేకుండా ఇవ్వదు. పుసిలానిమస్ మొదటి కడీకి ఎందుకంటే, పూర్వం అక్కడ కుక్కను కట్టేవాళ్లు. "మా ఈరమ్మత్త మొగడు కుక్క మొరిగితే మంచమెక్కుతుండె" అంది. టెనేషస్, అంటే పట్టు విడవనిది, రాసిన కడీకి ఒక ఎండు తీగ నులి ఇంకా చుట్టుకొని ఉంది, నేను గుంజినా ఊడలేదు. ఆబ్‌స్టినేట్ బావి దగ్గరిది. అక్కడ మోట తోలేటప్పుడు ఒక ఎద్దు రోజూ మొండికేసేదట. పొద్దున లేచి సాళ్ల వెంట నడుస్తూ, కడీ మీద చెయ్యి వేసి, మాట చదివి, ఒక వాక్యం చెప్పి ముందుకు సాగేది. ఆ వారంలోగా ఆ మాటను మనుషుల మీద ప్రయోగించాలి. అట్లా ప్రయోగానికి గురైనవారిలో నేనూ ఉన్నాను. "సారూ, మీరు డైగ్రెస్ అయితున్రు" అని ఆమె నాతో అన్నప్పుడు నాకు కోపం రావలసింది. కాని విషయం వదిలి పక్కదారి పట్టడమనే ఆ క్రియను అంత సరిగ్గా, అంత సరైన చోట నా విద్యార్థి ఎవడూ వాడలేదు.

ఆమె దగ్గర ఉన్నది కోఠీ పేవ్‌మెంటు మీద కొన్న పాత నిఘంటువు. అందులో టి అక్షరం తర్వాత పేజీలు లేవు. మిగతాది నేను నా పుస్తకంలోంచి విడిగా రాసి ఇచ్చాను. ఆమె ఇంగ్లీషులో చివరి ఆరు అక్షరాలు నావని ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటాను.

ఒక్క విషయంలో మాత్రం మొదటినుంచీ పోరాను. "నోటు పుస్తకంలో కూడా రాసి పెట్టుకో అమ్మా" అని.

"నోట్ల రాస్తే నోట్లనే ఉంటది సారూ. నా తలకు రాదు."

అక్టోబరు నాటికి పద్దెనిమిది సాళ్లూ నిండాయి. నాలుగు వందల పైచిలుకు మాటలు. చెరిగినదాని మీద మళ్లీ మళ్లీ రాసి, వానలు వెలిశాక తిరిగి దిద్ది, సుద్ద పట్టి ఆ కడీలు సున్నం వేసినట్లు తెల్లబడ్డాయి. తోటలో మా పక్క ప్లాటు కొన్న పట్టాభిగారు వాటిని చూసి నవ్వేవారు. ఆయనా మా కోస్తావారే, ఊరు భీమవరం దగ్గర. "ఏం మాస్టారూ, మీ శిష్యురాలు శాసనాలు చెక్కుతోందా? మన ఇళ్ల మధ్య ఈ స్తంభాలేవిటండీ, శ్మశానంలా!"

నవంబరులో, పరీక్షకు పందొమ్మిది రోజులుండగా, కడీలు పోయాయి.

'కడీలను తరలించడం జరిగింది' అని ఈ కాలంవాళ్లు రాస్తారు. కర్త లేని ఆ ప్రయోగం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరో ఒకరు చేయనిదే ఏ పనీ జరగదు. కడీలను జంగయ్యే అమ్మాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర కొత్తగా ద్రాక్ష పెడుతున్న ఒక రైతు లారీ తెచ్చుకొని, రెండు రోజుల్లో అన్నీ పీకించుకొని పోయాడు. ఆ రెండు రోజులు శివమ్మ ఊళ్లో లేదు, మేనమామ ఇంట్లో పెండ్లికి వెళ్లింది.

తిరిగి వచ్చిన ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. పద్దెనిమిది సాళ్ల గుంతలు, నోళ్లు తెరుచుకొని. ఆమె మొదటి గుంత దగ్గర నిలబడి, చెయ్యి చాచి, ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే ఉంచింది. జంగయ్య తలగుడ్డ చేతిలో పట్టుకొని దూరంగా నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, అక్షరం రాదు, వేలిముద్ర వేస్తాడు.

"నాయినా, ఎందుకమ్మితివే?"

"పుస్తకంల గూడ రాసుకున్నవనుకున్న బిడ్డా. రాయి మీద ఉన్నది పుస్తకంల ఉండదా? బళ్లె పలకమీద రాస్తే నోట్ల గూడ రాస్తరు గదా!"

చదువు లేనివాడు చదువును ఎంత గౌరవిస్తాడో ఆ తప్పులో నాకు కనబడింది. ప్రతి రాతకూ ఎక్కడో ఒక పుస్తకం ఉంటుందని ఆయన నమ్మకం. శివమ్మ ఏడవలేదు. "ఒక్కటి యాదికొస్తలేదు సారూ. కడీ ముడితేనే మాట ఒస్తుండె" అని మాత్రం అంది. పరీక్షకు వెళ్లననలేదు, వెళ్తాననీ అనలేదు. ఇంట్లోకి పోయి పడుకుంది.

మరునాడు నేను నా నిఘంటువు పట్టుకొని వెళ్లాను, మిగిలిన రోజుల్లోనైనా మళ్లీ మొదలుపెట్టించాలని. నా అవసరం లేకపోయింది. తండ్రీ కూతుళ్లు అప్పటికే గుంతల మధ్య ఉన్నారు. జంగయ్య ముందు నడుస్తున్నాడు, శివమ్మ వెనుక.

"ఇది మొదటి సాలు, మొదటి కడీ. కుక్కను కట్టేసేటిది."

"పుసిలానిమస్."

"రెండోది. పాతంగ నా కాలు మీద పడ్డది, గోరూడింది."

"లూసిడ్."

"మూడోది, జర వంకర."

"ఫ్రూగల్."

ఆ నాలుగు వందల ముప్పై రెండు కడీలనూ ఇరవై ఏళ్ల కిందట పాతింది ఆయనే. ఏది పొట్టిదో, దేనికి చీలిక ఉందో, దేని కింద రాయి తగిలి రెండుసార్లు తవ్వారో అన్నీ చెప్పాడు. ఏడాదికి రెండు కటింగుల లెక్కన ఒక్కొక్క కడీ దగ్గర నలభైసార్లు పని చేసిన మనిషి. ఆయనకు మాటలు తెలియవు, ఆమెకు చోట్లు కరువయ్యాయి. ఆయన చోటు చెబితే ఆమెకు మాట వస్తోంది. మాట రాకపోతే అక్కడే నిలబడి, ఆ కడీ గురించి ఇంకొక సంగతి చెప్పేవాడు. వచ్చేదాకా కదిలేవాడు కాదు.

రెండో వారానికి గుంతలు పూడ్చేశారు. పట్టాభిగారు తొందరపడి తన స్థలంలో ముగ్గు పోయించారు. సున్నపు గీతలతో వంటిల్లు, హాలు, పూజగది నేల మీద వెలిశాయి. జంగయ్య ఆ గీతలను చూడనే లేదు. ఐదో సాలు వెంట నేరుగా నడిచాడు.

"ఆగండాగండి!" అని పట్టాభిగారు పరుగెత్తుకొచ్చారు. "చెప్పులతో వచ్చేస్తున్నారేంటండీ! అది పూజగది!"

జంగయ్య కిందికి చూశాడు, పైకి చూశాడు. నాలుగు గీతలు, ఆకాశం.

"ఏంది సారూ, దేవుడచ్చిండా అప్పుడే?" అన్నాడు. అన్నాడేగాని, చెప్పులు విడిచి చేత పట్టుకొని, గీత దాటి లోపలికి పోయి నిలబడ్డాడు. "ఐదో సాలు, తొమ్మిదో కడీ. దీని మీద పాలపిట్ట వాలుతుండె."

"సెరీన్" అంది శివమ్మ. ప్రశాంతమని అర్థం.

పరీక్షకు మిగిలిన ఆ తొమ్మిది రోజులూ పట్టాభిగారు మళ్లీ అడ్డుచెప్పలేదు. నాలుగో నాడు ఆమె ఒకచోట ఆగిపోతే, "మ్యాగ్నానిమస్ కాదూ? మొన్న ఇక్కడే చెప్పావమ్మా" అని, ఉదారమైన అనే అర్థమున్న ఆ మాటను హాలు గీతల్లోంచి అందించారు కూడా.

పరీక్ష నాడు ఏం జరిగిందో శివమ్మే చెప్పింది. ఇంగ్లీషు పేపరు ఇవ్వగానే కళ్లు మూసుకుంది. "ఏమ్మా, నిద్రపోవడానికి వచ్చావా?" అని పర్యవేక్షకుడు బల్ల మీద తట్టాడట. "నడుస్తున్న సార్" అందట. ఆయన కదలని ఆమె కాళ్లవైపు చూసి ముందుకు పోయాడు. పేపరులోని ఇరవై మాటల్లో పదిహేడు మాటలు ఆమెకు సాళ్లలో దొరికాయి. అందులో ఒకటి నేను రాసి ఇచ్చిన వి అక్షరంలోది. ఈ వివరం ఇక్కడ అనవసరమని శేషారత్నం అంటుంది. నేను తీసివేయను.

ఫలితాలు ఏప్రిల్‌లో పత్రికలో వచ్చాయి. ఆమె నంబరు నాకు నోటికి వచ్చు. ఇంట్లోనే చూశాను, సైకిలెక్కాను, ఈ వయసులో చెప్పకూడదుగాని కొత్తపేట దాకా ఈలవేస్తూ వెళ్లాను. జంగయ్య ఇంటి అరుగు మీద పత్రిక పరిచి, శివమ్మ చేతికి అందించాను. ఆమె చూసింది. నోట మాట రాలేదు, నాలుగు వందల్లో ఒక్కటీ. పత్రికను తండ్రివైపు జరిపింది.

జంగయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. నిలువు బారులుగా, కిక్కిరిసిన అంకెలు. ఆయనకు అవి గీతలే.

"ఏ సాలు బిడ్డా?" అన్నాడు.

"నాలుగో సాలు, నాయినా. పదకొండో కడీ."

ఆయన ఎడమనుంచి మూడు బారులు దాటాడు. నాలుగో బారు తలమీద వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని పెదవులు కదుపుతూ, ఒక్కొక్క అంకె దగ్గర ఆగుతూ కిందికి వచ్చాడు. పదకొండో దాని మీద వేలు ఆనించాడు. తలెత్తి నావైపు చూశాడు.

"గిదేనా సారూ?"

అదే.