బాధ్యులకు ఒత్తు ఎక్కడ?

ఒత్తుల బాబాయ్‌కి దేశం ఏమైపోయినా ఫర్వాలేదు, ఒత్తు మాత్రం చెదరకూడదు. మా సాయంకాలపు పత్రికలో ఆయన ప్రూఫ్ రీడరు. నేను పక్కన కూర్చుని రాతప్రతి పైకి చదివేదాన్ని, ఆయన అచ్చుప్రతి చూస్తూ ఎర్ర పెన్సిలుతో దిద్దేవాడు. పదకొండేళ్లు అలా చదివాను. పత్రిక మూడింటికి వీధిలోకి వెళ్లాలి. ఒత్తు తేలకపోతే నాలుగైనా కదిలేది కాదు. ఎవరైనా శుభలేఖ ఇస్తే అక్కడికక్కడే దిద్ది తిరిగి ఇచ్చేసేవాడు. దాంతో ఏ పెళ్లి ఎప్పుడో తెలియక ఒక్క పెళ్లి భోజనానికీ నోచుకోలేదని వాళ్లావిడ నా దగ్గర మొరపెట్టుకునేది.

ఒక ఏడాది రైల్వేస్టేషన్లో బాంబు పేలి ఇరవై ఇద్దరు పోయారు. వాళ్ల పేర్ల జాబితా నాచేత మూడుసార్లు చదివించాడు. ఒకరి ఇంటిపేరులో 'ద'కి ఒత్తు ఉందా లేదా అని ఆసుపత్రికి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడు. ఆ గంటసేపూ ఒక్క జోకు వెయ్యలేదు.

ఆ తర్వాత నాయకుల ప్రకటనలు వచ్చిపడ్డాయి. ఒకాయన తీవ్రంగా ఖండించాడు. ఆయన ప్రత్యర్థి తక్కువ తిన్నాడా, అతి తీవ్రంగా ఖండించాడు. మూడో ఆయన తన ఆవేదన మాటల్లో చెప్పలేనిదంటూ రెండు కాలమ్‌లు చెప్పాడు. బాబాయ్ పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, ఖండించడమంటే నరకడం అని కూడా అర్థం కదా, ఇంతమంది ఇంత తీవ్రంగా నరుకుతుంటే ఒక్క పుల్లైనా కింద పడదేమని నన్నడిగాడు.

విదేశాంగ మంత్రి ప్రకటనతో అసలు చిక్కొచ్చింది. ఇది పొరుగుదేశం పనేనని, దానికి 'ధీటైన జవాబు' చెబుతామని రాసి పంపారు. బాబాయ్ నేరుగా మంత్రి కార్యాలయానికే ఫోన్ కలిపాడు. దీటుకు ఒత్తు లేదండీ అన్నాడు. అవతల కార్యదర్శికి ఒళ్లు మండింది.

"ఇక్కడ యుద్ధం వచ్చేలా ఉంటే ఒత్తేంటండీ?"

"యుద్ధానికి ఉంది. దీటుకే లేదు."

ఆఫీసులో రెండు ముఠాలు తయారయ్యాయి. ఎడిటరుది సరిహద్దు మూసెయ్యాలనే పక్షం. అచ్చు మిషన్ నడిపే ఆయనది చర్చలు జరపాలనే పక్షం. టీ వేళకి ఇద్దరూ సైన్యాల్ని నడిపించి, టీ చల్లారాక వెనక్కి తెచ్చుకునేవారు. బాబాయ్‌ని ఎవరు పిలిచినా, ముందు తప్పుల్లేకుండా రాసివ్వండి, ఏ పక్షమో తర్వాత ఆలోచిస్తానని తప్పించుకునేవాడు.

మా ఆఫీసు ఎదుటి మేడ కింద గదిలో ఒక దర్జీ కొట్టు నడిపేవాడు. పుట్టింది ఆ పొరుగుదేశంలోనే. మా వీధికొచ్చి ముప్ఫై ఏళ్లు. భార్యతో పైగదిలో కాపురం. కాలు విరిగి ఆవిడ అప్పుడు పిండికట్టుతో మంచం మీద ఉంది. మూడో రోజు కల్లా వీధిలో చూపులు మారాయి. కొట్టు మూసి ఎక్కడికైనా వెళ్లమని ఎవరో సలహా ఇస్తే, సగం కుట్టిన చొక్కాలు ఎవరికిచ్చి వెళ్లనని దర్జీ అడిగాడట. బాబాయ్ ఎడిటరు గదికి వెళ్లాడు. బాంబు పెట్టించింది ఎవరో తేలేసరికి తేలుతుంది, దర్జీ కాదన్న సంగతి మటుకు ఇవాళే నాలుగు లైన్లు రాయొచ్చు కదా అన్నాడు. అది పత్రిక విధానం కాదన్నాడు ఎడిటరు. నీ ఒత్తులు నువ్వు చూసుకో బాబాయ్ అని కూడా అన్నాడు. బాబాయ్ సరేనని వచ్చి పెన్సిలు చెక్కుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నలభై మంది వచ్చారు. వాళ్లలో సగం మంది ఒంటి మీది చొక్కాలు దర్జీ కుట్టినవే. ముందు సైన్‌బోర్డుల పెయింటరు, చేతిలో అట్ట. 'బాధ్యులను వదలం' అని దాని మీద బారెడు అక్షరాలు. పై అంతస్తులోని మా కిటికీలోంచి నాకు, ఎదుటి మేడ పక్కసందు మీదుగా, దాని వెనక మెట్లు కనబడుతున్నాయి. దర్జీ, మా మిషన్ ఆయన కలిసి ఆవిణ్ణి కుర్చీతో సహా దింపుతున్నారు. ఇరుకు మెట్లు, ఇంకా రెండో మెట్టు మీదే ఉన్నారు. నేను చూసిందే బాబాయ్ కూడా చూశాడు. చూసి కిందకి దిగి వీధి మధ్యలో నిలబడ్డాడు.

"ఆగండి. అట్ట మీద తప్పుంది," అన్నాడు.

"ఏం తప్పు బాబాయ్?" అన్నాడు పెయింటరు.

"ఒత్తు 'ద'కి పెట్టావు. 'బ'కి ఉండాలి."

"ఇరవై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నా. 'ద'కే."

"అయితే ఇరవై ఏళ్లుగా తప్పే రాస్తున్నావు."

పెయింటరు మొహం కందగడ్డయింది. వెనక నుంచి ఎవరో, బాబాయ్ చెప్పాక తిరుగులేదు, 'బ'కే అన్నాడు. ఇంకొకడు, నీ మొహం, బాధలోంచే బాధ్యత వచ్చింది, బాధకి ఒత్తెక్కడ అని నిలదీశాడు. బాధకి కూడా 'బ'కే కదరా అన్నాడు మొదటివాడు. రాయి పట్టుకున్న మనిషి దాన్ని అరుగు మీద పెట్టి, అరచేతిలో వేలితో రాసి చూసుకోవడం మొదలుపెట్టాడు. మందుల షాపాయన్ని పిలిచారు. ఆయన మందుల పేర్లు తప్ప నాకేం రావన్నాడు. ముందు వచ్చిన పని చూద్దామని ఒకడు తొందరపెడితే పెయింటరే అడ్డం తిరిగాడు.

"నువ్వాగు. నా చేతిరాతని అంటున్నాడు. ముందిది తేలాలి."

అరగంటైనా తేలలేదు. వెనక సందులోంచి కుర్చీ ఎప్పుడో దాటిపోయింది. పోలీసు జీపు వచ్చేసరికి 'బ' వాళ్లు ఒక పక్క, 'ద' వాళ్లు ఒక పక్క అయ్యి వీధి చివర్న ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రాయి అరుగు మీదే ఉండిపోయింది.

బాబాయ్ పైకొచ్చి మంచినీళ్లు తాగాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"బాబాయ్, ఒత్తు 'ద'కే కదా?"

"నలభై ఏళ్లుగా 'ద'కే."

"మరి?"

"ఏం చెయ్యనమ్మా. అంత పెద్ద అక్షరాల్లో ఒక్క తప్పూ రాయలేదు వెధవ."

మర్నాడు దర్జీ, సగం కుట్టిన చొక్కాల కోసం తిరిగొచ్చి కొట్టు తెరిచాడు. పదింటికి పెయింటరు నిఘంటువు చంకలో పెట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. నలుగురిలో పరువు తీశారు, నలుగురూ చదివేలా ఒప్పుకోవాలని పట్టుబట్టాడు. బాబాయ్ తప్పు చేశాడన్న ముచ్చటకి ఎడిటరు లోలోపల మురిసిపోయి, సవరణ నువ్వే రాసి వేసెయ్ బాబాయ్, నాకు చూపించక్కర్లేదన్నాడు. బాబాయ్ రాశాడు. నేను పైకి చదివాను, ఆయన దిద్దుకున్నాడు. మొదటి పేజీలో పెట్టె కట్టి వేశారు:

'బాధ్యులు' అన్న మాటలో ఒత్తు 'ద'కే ఉండాలి. మన వీధి పెయింటరు గారు సరిగ్గానే రాశారు. తప్పు ప్రూఫ్ రీడరుది. అయితే పెయింటరు గారు అట్ట పట్టుకెళ్లిన ఇల్లు తప్పు. దాన్ని కూడా సవరించుకోగలరు.

ఎడిటరు తలపట్టుకునేసరికి పత్రిక వీధిలోకి వెళ్లిపోయింది. పెయింటరు పది కాపీలు కొన్నాడు. మొదటి మూడు వాక్యాలు చదివి పొంగిపోయి, కనపడ్డ ప్రతి గోడకీ స్వయంగా అంటించాడు. దర్జీ కొట్టు గోడక్కూడా. అక్కడ జిగురు ఆరేదాకా నిలబడాల్సి వచ్చి, కింది రెండు వాక్యాలూ చదివాడు. తల గోక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఒక మూల సరిగ్గా అంటలేదని అరచేత్తో గట్టిగా అదిమి, లోపలికెళ్లి చొక్కాకి కొలతలిచ్చాడు.