పడుగు ఉన్న ఇల్లు

గంజి పోసే చోట పిల్లల మెడల్లో వేలాడిన రేకు బిళ్లలు నేను కత్తిరించినవే. నూనె డబ్బా రేకు, అంగుళమున్నర వెడల్పు. అంచు చర్మాన్ని కోయకుండా ఆకురాయితో రెండుసార్లు రుద్దాను. పైన దారానికి ఒక రంధ్రం, మధ్యలో మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన అంకె. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండలేదు. హైదరాబాదులో చేతిపనుల బడి ముగించి, వరంగల్‌లో ఒక సర్కారు కచేరీలో నక్షాలు గీసే పనిలో చేరాను. ఏ పనినైనా కొలిచి, వరుస పెట్టి, గడులు గీసి రాసుకుంటే సగం అయిపోయినట్టేనని మా బడిలో నేర్పారు. నేను నమ్మాను.

యుద్ధం నడుస్తోంది. నూలు కంట్రోలు కిందికి పోయింది. సాలెవాడలో మగ్గాలు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోతుంటే, బజారులోని గుడ్డల వర్తకులు కొందరు కలిసి స్టేషను రోడ్డులో ధర్మశాల వరండాలో నేతవాళ్ల పిల్లలకు రోజూ పొద్దున గంజి పోయించాలనుకున్నారు. నూకలు, పెసరపప్పు, ఉప్పు. వారానికి రెండు రోజులు బెల్లం. వాళ్లలో పెద్దాయన మా నాన్నకు తెలిసిన సావుకారు. నా చేతిరాత బాగుంటుందని జాబితా పని నాకు అప్పజెప్పాడు. నియమాలు వాళ్లు చెప్పారు, నేను వరుస పెట్టాను. బిడ్డకు ఏడేళ్లు దాటకూడదు. ఇల్లు ఆ వాడలోనే ఉండాలి. ఇంట్లో మగ్గం ఆడుతూ ఉండకూడదు. మూడోదానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మగ్గం ఆడే ఇంటికి కూలి వస్తుంది, కూలి రాని ఇంటికి గంజి వెళ్లాలి. నాకూ న్యాయంగానే తోచింది.

రెండు సెలవు రోజుల్లో వాడంతా తిరిగాను. ఇంటింటికీ ఒక వరుస: మనుషులెందరు, ఏడేళ్ల లోపు వాళ్లెందరు, మగ్గం ఆడుతోందా, ఖాళీయా. మూడో సందు చివరి ఇంట్లో మగవాడు లేడు, నూలు దుకాణం ముందు నిలబడటానికి పోయాడట. అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. గుంట మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, తెల్ల పడుగు, ఎర్ర అంచు. పడుగు మీద వేలితో మీటి చూశాను. బిగువుగా ఉంది. ఎక్కించిన పని మీద ఉన్న యంత్రం నడుస్తున్న యంత్రమే, వర్క్‌షాపులో నేను నేర్చుకున్న లెక్క అది. 'ఆడుతోంది' అని రాశాను. మూడేళ్ల ఆడపిల్ల గడపలో కూర్చుని, పడుగుకు గంజి పట్టించే కుంచెను చప్పరిస్తోంది. దాని జుట్టు రాగి రంగుకు తిరిగింది. పొట్ట ముందుకు వచ్చింది. అవన్నీ నేను చూశాను. వాటికి నా జాబితాలో గడి లేదు.

గంజి మొదలైన రోజు ఆమె పిల్లను చంకనెత్తుకుని వచ్చింది. బిళ్ల లేదని వడ్డించేవాళ్లు పక్కకు జరగమన్నారు. ఆమె వాదించలేదు, స్తంభం పక్కన నిలబడి గుండిగ ఖాళీ అయ్యేదాకా చూసి వెళ్లింది. మర్నాడూ వచ్చింది. మూడో రోజూ. పిల్ల ఏడ్చేది కాదు. దానికే నాకు భయమేసింది, ఏడ్చే ఓపిక కూడా పోయిందేమోనని.

నాలుగో రోజు ఆమె భర్త ధర్మశాలకు నా దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మోకాళ్ల దాకా పంచె, నూలు దుమ్ముకు ఎర్రబడ్డ కళ్లు. ఆ వాడలో చేతిలో పుస్తకం ఉన్న ప్రతివాడినీ పంతులు అంటారు.

"ఏం పంతులూ, మా ఇంటిని ఎందుకు కొట్టేసినవ్?"

"మగ్గం మీద పడుగు ఉంది గదా మామా," అన్నాను.

"పీనుగు మీద గూడ బట్ట ఉంటది. నేసుకుంటున్నదని రాసుకుంటవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. తర్వాత అరుగు మీద కూర్చుని, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. నిలువు దారాలు పడుగు, నాడెతో అడ్డంగా తోసేది పేక. పేకకు నూలు దొరక్క రెండు నెలలైంది. అయినా నేతగాడు మగ్గాన్ని ఖాళీగా ఉంచడు. ఒక చీర దిగాక కూడా పాత పడుగు కొసలు అచ్చులోనే, అంటే దారాలు దూరే దువ్వెనలాంటి చట్రంలోనే వదిలి, కొత్త పడుగు దారాలను వాటికి ఒక్కొక్కటిగా ముడేసి అతుకుతాడు. ఆ కొసలు పోతే రెండు వేల పైచిలుకు దారాలు మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. అది కాక, పడుగు లేని మగ్గం మనిషి పోయిన ఇంట్లోనే ఉంటుందట. ఆయన తండ్రి పోయిన రోజు తప్ప ఆ మగ్గం ఎప్పుడూ ఖాళీగా లేదట.

అప్పుడు నా పుస్తకం తెరిచి చూశాను. 'ఆడుతోంది' అని రాసిన ఇండ్లన్నింటిలో నేను చూసింది పడుగునే. నాడె కదలడం ఒక్క చోట కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే సావుకారు దగ్గరికి వెళ్లి తప్పు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున గుండిగ దించేటప్పుడు తానూ ఒక చెయ్యి వేసేవాడు. అంతా విని, దిండుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఒక్క ఇల్లు మారిస్తే రేపు వాడంత వచ్చి నా గడపల కూసుంటది తమ్మీ. గుండిగ ఒక్కటే గద."

"మరి మగ్గం ఖాళీ అయితే?"

"ఖాళీ అయితె రాయి. నీ రూలే గద అది."

నేను ఆ మాటను ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లి ఆ ఇంట్లో చెప్పాను. పడుగు కోయమని నేను అనలేదు. మగ్గం ఖాళీగా ఉంటే బిళ్ల వస్తుంది అన్నాను. ఇన్నేళ్లలో ఆ రెండు వాక్యాల మధ్య తేడా ఉందని నన్ను నేను ఒప్పించుకోలేకపోయాను.

ఇంటాయన మగ్గం వైపు చూస్తూ ఉండిపోయాడు. భార్యే కత్తెర తీసుకుంది.

"నువ్వు జర బయట కూసో," అంది భర్తతో. నన్ను మాత్రం ఉండమంది. చూడకుండా రాయనని ఆమెకు తెలుసు.

బిగువుగా ఉన్న దారాలు తెగేటప్పుడు చిన్న చప్పుడు చేస్తూ వెనక్కి ఎగిరాయి. సగం చీర గుంటలోకి జారింది. ఆమె దాన్ని మడిచి పిల్లకు కప్పింది. నేను 'ఆడుతోంది' కొట్టేసి, పైన ఎర్ర సిరాతో 'ఖాళీ' అని రాసి, జేబులోంచి బిళ్ల తీసి ఇచ్చాను. ముందే కొట్టి తెచ్చాను. నలభై ఏడు.

ఆ వారంలో ఇంకో మూడిండ్లలో పడుగులు తెగాయి. గంజి కొంచెం పలచబడింది.

అయినా ఆ పిల్ల తాగింది. మొదట చెంచాతో, తర్వాత ముంతతో. నెల తిరిగేసరికి స్తంభం పట్టుకుని నడిచింది. అంకె పిలిస్తే తల్లి కంటే ముందు చెయ్యెత్తేది. గుండిగ దగ్గర గరిటె తనవైపు తిరగడం ఆలస్యమైతే ఏడ్చేది. ఆ ఏడుపు వినడానికి నేను కచేరీకి ఆలస్యంగా వెళ్లిన రోజులున్నాయి.

తర్వాత నూలు వచ్చింది. కొద్దిగానే వచ్చింది, కాబట్టి ఆడుతున్న మగ్గాలకు మొదట ఇవ్వాలని పైనుంచి ఆజ్ఞ. ఏ మగ్గం ఆడుతోందో తెలియడానికి ఊళ్లో ఒక్కటే జాబితా ఉంది. గడులు గీసి, సిరా అలుక్కుపోకుండా రాసింది. సావుకారు దాన్ని మంచి మనసుతోనే ఇచ్చాడు. నూలు పంచే గుమాస్తా ఎర్ర సిరా ఉన్న చోటల్లా ఆగి, ఈ ఇంట్లో నేత మానేశారని అర్థం చేసుకున్నాడు. నేను వెళ్లి, గంజి కోసమే పడుగు కోసుకున్నారని చెప్పాను. రాసింది నేనేనా అని అడిగాడు. నేనే అన్నాను. అయితే ఇంకేముంది అన్నాడు.

ఆ ఇంటాయన ఈసారి ధర్మశాల అరుగు ఎక్కలేదు. వీధిలోనే నిలబడ్డాడు.

"పడుగుందని గంజి పోయకపోతిరి. పడుగు లేదని నూలియ్యకపోతిరి. నేను సచ్చిన్నో బతికిన్నో ఏదన్న ఒకటి రాయి పంతులూ."

షోలాపూర్ మిల్లుల్లో ఆయన మేనబావ పనిచేస్తున్నాడు. వారం తిరగకముందే ప్రయాణం కట్టారు. నేను స్టేషనుకు వెళ్లాను. ఒక మూట, ఒక ముంత, అచ్చు ఒక్కటి గుడ్డలో చుట్టి ఆయన చంకలో. పిల్ల సగం చీర కప్పుకుని తల్లి భుజం మీద ఉంది. మెడలో బిళ్ల అలాగే ఉంది. ఊరు వదిలేవాళ్లు బిళ్ల తిరిగి ఇవ్వాలి, ఆ అంకె ఇంకో బిడ్డకు పోతుంది. అదీ నేను రాసిన నియమమే. ఆ తల్లికి తెలుసు. దారం విప్పడానికి చెయ్యి పెట్టి ఆగింది.

"తమ్మీ, సోలాపురంల గిది సూపిస్తె పోస్తరా?"

ఆయన రైలు వచ్చే వైపు చూస్తున్నాడు. నూనె డబ్బా రేకు మీద మేకుతో కొట్టిన అంకెను ఆ ఊళ్లో ఎవరు చదువుతారు? నేను పోస్తారని అనలేదు, పోయరనీ అనలేదు. దారాన్ని మళ్లీ ముడేసి, "ఉండనియ్యి అక్కా," అన్నాను.

మర్నాడు ధర్మశాలలో అంకెలు పిలిచారు. నలభై ఏడు అన్నారు. జాబితాలో నేను కొట్టేయలేదు. మళ్లీ పిలిచారు. స్తంభం పక్కన, బిళ్ల లేని ఇంకో తల్లి పిల్లను ఎత్తుకుని నిలబడి నా చేతిలోని కలం వైపు చూస్తోంది.