తఫ్రీఖ్ వచ్చు, వ్యవకలనం రాదు

మొన్న మా మనవరాలి కూతురి బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉందని, ఇంట్లో ఒక్కదాన్నే ఎందుకని, నన్ను కూడా ఆటో ఎక్కించి ఏ.ఎస్. రావు నగర్ తీసుకువెళ్ళారు. అక్కడి టీచరు పిల్లలతో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని గట్టిగా చెబుతుంటే తల్లులందరూ తలలూపారు. తిరిగి వచ్చేటప్పుడు మా మనవరాలు నిట్టూర్చి, "మీ కాలమే నయం అమ్మమ్మా, ఏం టెన్షన్ లేకుండ హాయిగా తెలుగుల చదువుకున్నరు" అన్నది. ఆ మాట నాలుగు రోజులు లోపల గుచ్చుతూనే ఉన్నది. నేను బడిలో ఉండగా, నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యం మీద జరిగిన పోలీసు చర్య గురించి గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. సైన్యం ఏ దిక్కు నుంచి వచ్చిందో, ఎవరు ఎవరికి లొంగిపోయారో అన్నిట్లోనూ ఉన్నది. ఆ ఏడు బడిలో కూర్చున్న ఆడపిల్లలకు ఏమైందో మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా ఈడు వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

మా ఇల్లు సికింద్రాబాదులో మోండా మార్కెట్టు వెనుక సందులో ఉండేది. మిషన్ బళ్ళలో ఇంగ్లీషు, తెలుగు చెప్పేవారు కానీ, సర్కారు కచేరీలో జవానుగా పనిచేసే మా బాపుకు సర్కారు చదువే చదువు, సర్కారు చదువంటే ఉర్దూ. ఆడపిల్ల తన అర్జీ తాను రాసుకోగలిగితే చాలన్నది ఆయన లెక్క. అందుకని నన్ను సందు చివరి ఆడపిల్లల బడిలో వేశారు. చెక్క పలకకు ముల్తానీ మట్టి పూసి, ఎండలో ఊపుతూ ఆరబెట్టి, రెల్లు కలంతో కుడి నుంచి ఎడమకు రాసేవాళ్ళం. పేరు పిలిస్తే హాజిర్ అనాలి. పాఠం చెప్పే ఆమెను ఉస్తానీ అనేవాళ్ళం. ఆమె మెత్తని మనిషేమీ కాదు, ఎక్కం తప్పితే చెవి మెలేసేది. కానీ ఆమె దగ్గర నేర్చుకున్న ఎక్కాలు ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతాను, అదీ ఉర్దూలోనే. కూడికను జమా అనీ, తీసివేతను తఫ్రీఖ్ అనీ, హెచ్చవేతను జర్బ్ అనీ నేర్చుకున్నాను. తరగతిలో లెక్కలకు నేనే మొదటిదాన్ని. తెలుగు అక్షరాలంటారా, అవి బడిలో చెప్పినవి కావు, మా చిన్నమ్మ పొయ్యి ముందు బూడిదలో వేలితో రాసి చూపించినవి.

పోలీసు చర్య నాటికి నేను ఆరో తరగతిలో ఉన్నాను. బడి కొన్నాళ్ళు మూసి మళ్ళీ తెరిచేసరికి నవాబు గారిని దీవిస్తూ పాడే పొద్దుటి పాట పోయింది, గోడ మీది ఆయన పటం పోయింది, ఉస్తానీ కూడా లేదు. వాళ్ళింటికి తాళం వేలాడుతుండేది. ఎటు పోయారో పెద్దవాళ్ళు చెప్పలేదు, మమ్మల్ని అడగనివ్వలేదు. అంతవరకు శుక్రవారం ఉండే సెలవు ఆదివారానికి మారింది. మొదటి శుక్రవారం సగం తరగతి రానేలేదు, మొదటి ఆదివారం మేమంతా పలకలు పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడ్డాం. అప్పుడు నవ్వుకున్నాం. నవ్వు అక్కడితో సరి.

ఇక నుంచి చదువంతా మాతృభాషలోనే అన్నారు. ఎంత మంచి మాట! మా అమ్మ సంతోషించి సందులో అందరికీ చెప్పుకున్నది, తన బిడ్డ పాఠం ఇక తనకు సుత అర్థమవుతుందని. కోస్తా నుంచి కొత్త టీచరమ్మ వచ్చింది. తెల్లని చీర, చక్కని గొంతు, అచ్చు పుస్తకంలా మాట్లాడేది. నేను నోటుపుస్తకాన్ని అలవాటు చొప్పున వెనక అట్ట నుంచి తెరిస్తే తీసుకుని తరగతికంతా చూపించింది. "ఇంటికి పోవాల్నా అమ్మా" అన్నట్టుగా మా యాసలో ఏదైనా అడిగితే, "ఏమ్మా, ఇది తెలుగా, తౌరక్యాంధ్రమా?" అనేది. తురక మాటలు కలిసిన తెలుగన్న ఆ పెద్ద మాట అప్పుడు మాకు అర్థం కాకపోయినా తిట్టని తెలిసేది. తెలుగు పుస్తకాలు ఇంకా రాలేదు. లెక్కలు మాత్రం గుర్తులు వేసి బల్ల మీద చెప్పేది కనుక, మాట తెలియకపోయినా గుర్తును చూసి చేసేదాన్ని, నాకేం భయమనుకున్నాను.

ఏడాది పరీక్షలో గుర్తులు లేవు. ఈ క్రింది భిన్నములను వ్యవకలనము చేయుము అని ఉన్నది. కూడబలుక్కుని చదివాను. భిన్నములంటే ఏవో వాటి రూపు చూస్తేనే తెలిసింది. వ్యవకలనమంటే తెలియలేదు. లేచి నిలబడి, "గిదేందమ్మా?" అని అడిగాను. పరీక్షలో చెప్పకూడదన్నది. అది నియమమే, కాదనను. తీసివేయుము అని ఉంటే మా అమ్మ కూడా అర్థం చెప్పేది, తఫ్రీఖ్ అని ఉంటే నేను కళ్ళు మూసుకుని చేసేదాన్ని. ఇంత పొడుగు మాటకు పెద్ద పనే ఉంటుందనుకుని అన్నింటినీ హెచ్చవేశాను. జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి, కానీ అడిగినవి అవి కావు.

లెక్కల్లో తప్పానని, తెలుగు కూడా చాలదని, నాలుగో తరగతికి దింపుతామని కబురు వచ్చింది. మా అమ్మ బాపును బతిమాలి వెంటబెట్టుకుని బడికి వచ్చింది. బాపు గడప అవతలే నిలబడ్డాడు. అమ్మ చేతులు జోడించి, "మా పిల్లకు లెక్కలొస్తయి అమ్మా. జెర నోటితోని అడిగి చూడుండ్రి, చెప్తది" అన్నది. టీచరమ్మ కాదనకుండా నన్ను పిలిచి, "ఏడెనిమిదులు ఎంత?" అన్నది.

"ఛప్పన్" అన్నాను.

"ఏమిటే? తెలుగులో చెప్పు."

యాభై ఆరని చెప్పబోయి యాభై దాకా వచ్చాను. నాకు తెలుసు, బజారులో విన్నదే. కానీ తల్లి చూస్తున్నది, తండ్రి వింటున్నాడు, పక్క తరగతి పిల్లలు కిటికీలో మూగారు, నాలుక మళ్ళీ ఛప్పన్ అనే అన్నది. అందరూ నవ్వారు. టీచరమ్మకు ఉర్దూ రాదు కనుక నేను చెప్పింది సరైనదో కాదో ఆమెకు తెలిసే దారి లేదు. "రాదమ్మా, చూశారుగా" అన్నది మా అమ్మతో.

ఇంటికి వస్తూ బాపు ఒక్కటే మాటన్నాడు. "గింత పొడుగు పిల్ల నాలుగోల కూసుంటదా? నలుగురు నవ్వరా? బంద్ చెయ్." అమ్మ ఏడ్చింది, నేను ఏడవలేదు. మరుసటి ఏడాదికి నా పెళ్ళి కుదిర్చారు.

తరువాత నేను చదువుకున్నదంతా గ్రంథాలయం బెంచీ మీద, ఒంటరిగా, ఎవరూ చెవి మెలేయకుండా, ఎవరూ నవ్వకుండా. ఈ రోజు నా రాతలో అక్షర దోషం పట్టుకోండి చూద్దామని ధైర్యంగా అనగలను. నిఘంటువులో వ్యవకలనమన్న మాట కనబడిన నాడు, పక్కన తీసివేత అని ఉన్నది చదివి పుస్తకం మూసేశాను. తఫ్రీఖ్ అంటే మనుషుల మధ్య భేదం పెట్టడమనే అర్థం కూడా ఉన్నదని అంతకు చాలా కాలం తరువాత తెలిసింది. ఇప్పుడు రాజ్యాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, మా యాసలో పాటలు కట్టి సభల్లో పాడుతున్నారు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ పిల్ల నోట్లో ఉన్న భాష ఒకటి, బడి అడిగే భాష ఇంకొకటి కావడం మాత్రం మారలేదు. అడిగేవాళ్ళు మారారు, అంతే.

ఇది రాయడానికి తోడ్పడిన వాళ్ళకు దండాలు. బూడిదలో అక్షరాలు దిద్దించిన చిన్నమ్మకు, టిఫిను డబ్బా కింద పుస్తకం దాచి తెచ్చిపెట్టిన మా ఆయనకు, మధ్యాహ్నం తలుపు మూసే వేళ దాటినా నన్ను లేపకుండా కూర్చోనిచ్చిన గ్రంథాలయపు అటెండరు తాతకు, ఈ ముక్కలన్నీ కూర్చుని టైపు చేస్తున్న మనవరాలికి. "పోయినామెపై కోపమెందుకు, ఆ టీచరమ్మ పేరు కూడా చేర్చు అమ్మమ్మా, పెద్ద మనసు చేసుకో" అంటున్నది ఇది. ఇన్నేళ్ళు ఇన్ని పుస్తకాలు చదివాను. అంత పెద్ద మనసు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.