చంద్రుడి మీద వేసిన బోరు

మొన్న కొరియర్ అబ్బాయి ఇచ్చిపోయిన పొట్లం విప్పగానే కొత్త పుస్తకం జిగురు వాసన గుప్పుమంది. అట్ట మీద మా రూతమ్మత్త ఫొటో, దాని కింద ‘తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు తొలి బాట వేసిన రచయిత్రి’ అని పెద్ద అక్షరాలు. సంతోషించాల్సిందే. కానీ ముందుమాట చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే కొమరోలులో మా పాత ఇంటి వసారా దాకా పోవాలి.

రూతమ్మత్త మా నాయనకు అక్క. భర్త పోయాక మా వసారాలో కుట్టుమిషను పెట్టుకుని ఊళ్లోవాళ్లకు జాకెట్లూ లంగాలూ కుట్టేది. మిషను కాసేపు టకటకలాడి ఉన్నట్టుండి ఆగిపోయేది; ఆగిందంటే అత్త రాకెట్టెక్కి ఎటో పోయిందన్నమాట. కొలతలు గీసుకునే కాగితాల మీదే కథలు రాసేది. డిసెంబరు వచ్చిందంటే ఇల్లంతా అరిసెల పాకం వాసన, కారాలు వేగే నూనె పొగ, చర్చిలో పాటలు నేర్చుకుని గొంతులు బొంగురుపోయి వచ్చే పిల్లలం, కొత్త బట్టల కోసం వాకిట్లో కాచుక్కూర్చున్న ఆడవాళ్లు, వాళ్లందరి మధ్య కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని శుక్రగ్రహం మీద గాలి ఎట్లా ఉంటుందో ఆలోచించే మా అత్త. ఒక్క ఏడాదైనా నా లంగా అంచు పండగలోపు పూర్తయిన పాపాన పోలేదు. పిన్నీసులు పెట్టుకుని ఆరాధనకు పోతే మోకరించినప్పుడల్లా గుచ్చుకునేవి.

“పండగ నెత్తిమీదికొచ్చింది, జాకెట్టు చేతులు కుట్టవే తల్లీ అంటే చంద్రుడి మీద బోరేపిస్తా కూచుంది!” అని మా అవ్వ తల కొట్టుకునేది.

ఆ బోరు కథ ఎండాకాలంలో పుట్టింది. మా వైపు ఎవరి చేలోకన్నా బోరు బండి వచ్చిందంటే పిల్లాజెల్లాతో సహా ఊరంతా చుట్టూ చేరి, తెల్లటి దుమ్ము నెత్తిన పడుతున్నా కదలకుండా, తడిమట్టి వాసన ఎప్పుడొస్తుందా అని ముక్కులు ఎగబీలుస్తూ నిలబడేది. అత్త కథలో ఆ జనమే చంద్రుడి మీదికి పోయి బోరు వేస్తారు. నీళ్లు పడతాయి. ఆ సంగతి తెలిస్తే కింద పట్నంవాళ్లు పైపు వేసి అంతా లాగేసుకుంటారని, వంటకు పోయిన సంతోషమ్మ బోరు మూతి రాళ్లతో కప్పేసి రేడియోలో చెబుతుంది: “నీళ్లు పడలే సారూ, అంతా దుమ్మే.” అత్త చదివి వినిపిస్తే వాకిట్లో ఆడవాళ్లు తమ జాకెట్ల సంగతే మరిచి చప్పట్లు కొట్టారు. అవ్వ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వారపత్రికలో వచ్చింది చూస్తే రాళ్లూ లేవు, రేడియో లేదు, నీళ్లు పడగానే చివర ఇట్లా ఉంది: ‘అంతలో సంతోషమ్మకు మెలకువ వచ్చింది. ఇదంతా కల!’

“కలంట కల! నేనేమన్నా నిద్రబోతా రాసినానా?” అని అత్త పత్రికను మిషను మీద విసిరికొట్టింది. సంపాదకుడికి ఉత్తరం రాస్తే, పాఠకులు నమ్మరమ్మా అని జవాబు. తర్వాత ఏ కథ పంపినా ఆ మహానుభావుడు ఎవరో ఒకరిని నిద్ర లేపకుండా వదిలిపెట్టలేదు. “ఒక్క కథన్నా నేను రాసినట్టు అచ్చులో చూసుకోని పోతా” అని అత్త పంతం పట్టి, కళ్లు మసకబారేదాకా రాస్తూనే ఉండింది. ఆమె రాసిన కాగితాలను అవ్వ పొయ్యి రాజేయడానికి వాడుకుంది.

ఇప్పుడీ పుస్తకం అచ్చు వేయించిన లెక్చరరు గారు ముందుమాటలో ఏం రాశారయ్యా అంటే, ప్రతి కథనూ కలగా ముగించడం ఈమె కనిపెట్టిన అపూర్వ శిల్పమట! ఫోన్ చేసి దులిపేశాను. ఆయన నెమ్మదిగా, “మాకు అచ్చులో ఉన్నదే ఆధారం మేడమ్. ఆమె నోటితో చెప్పించి పంపండి, రెండో ముద్రణలో మార్చేస్తాం” అన్నారు.

మర్నాడే మార్కాపురంలో బస్సెక్కాను. కొమరోలులో వసారా లేదు, మిషను పాతసామాన్లకు పోయింది, ఆనాడు చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. మా తమ్ముడు కట్టిన స్లాబు ఇంట్లో, ఫ్యాను కింద మంచం మీద అత్త ఉంది. ఫోనులో రికార్డింగు పెట్టి, బోరు కథ గట్టిగా చదువుతూ, మెలకువ వచ్చే వాక్యం ముందు ఆపాను.

“అత్తా, అప్పుడు సంతోషమ్మ ఏం చేసింది?”

“ఏం చేస్తాది? నిద్ర లేసింది. అంతా కలే గదే.”

“కాదత్తా! బోరు మూతి రాళ్లతో కప్పేసింది! నీళ్లు పడలేదని రేడియోలో అబద్ధం చెప్పింది!”

అత్త పళ్లులేని నోటితో పకపకా నవ్వింది.

“భలే ఉందే పాపా! నువ్వు రాసినావా?”

నువ్వే రాసినావత్తా, నువ్వే అని ఎంత అరిచినా నమ్మలేదు.